మూడు వందల అడుగుల మొహమాటం

ఫోన్ మోగేసరికి నేను బూట్లకి పాలిష్ పెడుతున్నాను. పక్కన శిక్షకుడు లేకుండా కెప్టెన్‌గా ఆ రోజే నా మొదటి ప్రయాణం. ఫోన్ చేసింది రోస్టర్ బాబాయ్. ఏ విమానం ఎవరు నడపాలో నిర్ణయించే ఉద్యోగం ఆయనది. వరసకి ఎవరికీ బాబాయ్ కాదు. సెలవు రోజున డ్యూటీకి పిలిచేటప్పుడు గొంతులో ఒలికించే ప్రేమ వల్ల ఆ పేరు వచ్చింది.

"తల్లీ, చిన్న సర్దుబాటు. నీతో రావలసిన కోపైలట్‌కి జ్వరం. మాష్టారుని వేస్తున్నా."

మాష్టారు మా కంపెనీలో చేరి మూడు వారాలైంది. నలభై ఆరేళ్ల మనిషి. పదిహేడేళ్లు బడిలో లెక్కలు చెప్పి, ఆ తర్వాత విమానం నడపడం నేర్చుకున్నారు. నాకు ముప్పై ఒకటి.

"ఇద్దరం కొత్తవాళ్లమే కదా బాబాయ్. అలా కలిపి వేయకూడదని రూలుంది."

"ఉంది. కెప్టెన్ ఒప్పుకుంటే వేయొచ్చని దాని కిందే ఇంకో రూలుంది. నీ ఫోన్‌కి ఫారం పంపించా, ఒక్కసారి నొక్కెయ్. నువ్వు కాదంటే అరవై ఎనిమిది మందికి విమానం లేదు, అంతే. నేనేం బలవంతం పెట్టను."

ఆయన బలవంతం పెట్టనన్నాడంటే పీక మీద చెయ్యి వేసినట్టే. ఆర్నెల్లలో పదకొండు మంది కెప్టెన్లు మమ్మల్ని వదిలి పెద్ద కంపెనీకి వెళ్లిపోయారు. మిగిలింది పదహారు మంది. అందుకే పన్నెండు వారాల శిక్షణని ఏడు వారాలకి కుదించి, నాలాంటి కోపైలట్లని కుడి సీట్లోంచి లేపి కెప్టెన్ కూర్చునే ఎడమ సీట్లో కూర్చోబెట్టేస్తున్నారు. నాకంటే ముందు కెప్టెన్ అయిన ఒకతను ఇలాంటి ఫారం మీదే ఒప్పుకోనన్నాడు. వారం తిరక్కుండా 'ఆత్మవిశ్వాసం చాలలేదు' అని రాసి మళ్లీ కుడి సీటుకి పంపేశారు. క్యాంటీన్‌లో అతను వస్తే అందరం మాటలు ఆపేసేవాళ్లం. నేను కూడా ఆపేదాన్ని.

ఫారం నొక్కాను. ధైర్యం ఉండి కాదు, భయపడి నొక్కాను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక.

మా ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా అందిస్తూ, "కెప్టెన్ అయిన మొహమేనా ఇది? పన్ను పీకించుకోవడానికి వెళ్తున్నట్టున్నావు" అన్నాడు. ఎవరితో వెళ్తున్నానో ఆయనకి చెప్పలేదు. చెబితే వెళ్లొద్దంటాడు. వెళ్లొద్దంటే ఆగిపోతానేమోనని నా భయం.

నేను బ్రీఫింగ్ గదిలోకి అడుగు పెట్టగానే మాష్టారు లేచి నిలబడ్డారు. "కూర్చోండి మాష్టారూ" అన్నాను. "పర్లేదు కెప్టెన్ గారూ, మీరు కూర్చోండి" అన్నారు. ఇద్దరం నిలబడే వాతావరణం కాగితాలు చూసుకున్నాం. దిగవలసిన ఊళ్లో మబ్బు చాలా కిందికి ఉంది, వాన కూడా. పాత కెప్టెన్లు రెండు వందల అడుగుల ఎత్తు దాకా దిగి రన్‌వే కోసం చూడొచ్చు. మొదటి వంద గంటలు కొత్త కెప్టెన్లకి మూడు వందల అడుగుల దాకానే. ఆ ఎత్తున రన్‌వే కనబడకపోతే తిరిగి పైకి లేవాల్సిందే, దాన్నే గో అరౌండ్ అంటాం. విమానం నేను నడుపుతాను. ఎత్తు చూసి ఆ అంకె పైకి చెప్పడం మాష్టారు పని. మాష్టారు ఆ 'మూడు వందలు' అన్న మాటని చిన్న నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని కింద గీత కొట్టారు.

నేను అనవలసిన మాట ఒకటుంది: 'నేను తప్పు చేస్తే గట్టిగా అరవండి.' నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "మీకేమైనా అనిపిస్తే కాస్త చెబుతూ ఉండండి మాష్టారూ, ఏమీ అనుకోకుండా."

"అయ్యో, మీకు నేను చెప్పడమేంటండీ" అన్నారాయన.

ఇద్దరం నవ్వుకున్నాం. ప్రమాదాలకి కారణాల జాబితాలో మొహమాటం అని ఎక్కడా రాయరు గానీ, రాయాలి.

పైన గంటసేపు ఏ ఇబ్బందీ లేదు. ఎడమ కిటికీ పక్కన కూర్చుని, 'ఇంతేనా, ఇంతోటి దానికా రాత్రి నిద్ర పట్టనిది' అని కూడా అనుకున్నాను. కిందికి దిగడం మొదలెట్టి మబ్బులోకి దూరాక ఆ పొగరు అణిగింది. అద్దాల అవతల తెల్లగా, ఏమీ లేదు. వాన చప్పుడు రెండు ప్రొపెల్లర్ల హోరుని మింగేస్తోంది. విమానం కుదిపినప్పుడల్లా వెనక ఎవరో పసిపిల్ల కేర్‌మంటోంది.

"వెయ్యి" అన్నారు మాష్టారు. మెల్లగా, పిల్లలకి ఎక్కం చెబుతున్నట్టు. కాసేపటికి "అయిదు వందలు."

నాలుగు వందలు దాటింది. మూడు వందల యాభై. మూడు వందలు.

ఆయన ఏమీ అనలేదు.

అంకె నా కళ్ల ముందు కనబడుతూనే ఉంది. రెండు వందల తొంభై. రెండు వందల ఎనభై. అద్దంలో రన్‌వే లేదు. కానీ ఆరేళ్లు కుడి సీట్లో కూర్చున్నదాన్ని. ఈ ఎత్తుకి వచ్చేసరికి పక్క సీట్లోంచి ఒక గొంతు వస్తుంది, దిగమనో లేవమనో. విమానం ఎవరు నడుపుతున్నా ఆ మాట కెప్టెన్‌దే. ఆరేళ్లుగా నా చెవి ఆ గొంతు కోసం ఆగడం నేర్చుకుంది. ఇప్పుడూ ఆగింది. కెప్టెన్ ఇంకా ఏమీ అనలేదేమిటి అని నిజంగా అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను.

రెండు వందల నలభై. తెలుపు చిరిగి కింద ఏవో ఇళ్ల కప్పులు కనబడ్డాయి. నీళ్ల ట్యాంకులు, ఒక డాబా మీద వానలో తడుస్తున్న బట్టలు. ఆ బట్టలు ఏ రంగువో కూడా తెలిసేంత దగ్గరగా ఉన్నాం.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కెప్టెన్ని నేనే.

"గో అరౌండ్!" అన్నాను. అది నా గొంతులా లేదు. పవర్ మొత్తం ముందుకి తోశాను. ఇంజన్లు గర్జించాయి. విమానం ఒక్క క్షణం బద్ధకించినట్టు అక్కడే వేలాడి, తర్వాత ముక్కు ఎత్తి పైకి లేచింది. మాష్టారు చక్రాలు పైకి లాగారు.

మళ్లీ ప్రయత్నించే ఆలోచనే రాలేదు. నలభై నిమిషాల దూరంలో, ఎండ కాస్తున్న ఇంకో ఊళ్లో దిగాం. ఇంజన్లు ఆపాక ఇద్దరం బెల్టులు విప్పకుండా కూర్చున్నాం.

"మూడు వందలు నాకు కనబడిందండీ" అన్నారు మాష్టారు, ముందున్న అద్దంలోకి చూస్తూ. "నోటి దాకా వచ్చింది. కెప్టెన్ గారికి తెలీదా, కావాలనే దిగుతున్నారేమో అనుకున్నాను. బడిలో ఇన్నేళ్లూ నోరెత్తని పిల్లల్ని తిట్టిపోశానండీ."

"మీరు పెద్దవాళ్లు, ఏదైనా తేడా ఉంటే అంటారులే అని నేనూ ఊరుకున్నాను మాష్టారూ."

అంతలో బాబాయ్ ఫోన్. స్పీకర్‌లో పెట్టాను.

"అక్కడ మబ్బు విడిపోయింది తల్లీ. ఇంధనం పోయించుకుని నలభై నిమిషాల్లో బయల్దేరండి. ఫారం పొద్దున నొక్కిందే చెల్లుతుంది."

మాష్టారు వైపు చూశాను. "వెళ్దామా?"

"మీ ఇష్టం కెప్టెన్ గారూ" అన్నారాయన. అని, తను అన్న మాట తనకే వినబడి గతుక్కుమన్నారు.

"నేను ఒప్పుకోవడం లేదు బాబాయ్" అన్నాను ఫోన్‌లో. "నాకు భయంగా ఉంది. పొద్దున కూడా ఉంది, అప్పుడు చెప్పలేదు."

బాబాయ్ గొంతులో ప్రేమ పోయింది. "ఆలోచించుకో. కెప్టెన్‌కిచ్చే నాలుగో గీత భుజం మీద పడి నాలుగు రోజులు కాలేదు. రేపు అది ఉండదు."

"తీసేయండి."

నా నోటితో అన్న మాట నాకే గుచ్చుకుంది. ఆ గీత కోసం ఆరేళ్లు తెల్లవారుజామున లేచాను.

"సరే, నువ్వు దిగిపో. ఆ ఊళ్లో మన కెప్టెన్ ఒకడు ఖాళీగా ఉన్నాడు, నిన్ననే ఎడమ సీటుకి వచ్చాడు. ఫారం నొక్కుతానన్నాడు. మాష్టారుతో అతను తీసుకొస్తాడు."

నేను తప్పుకుంటే నా భయం తప్పుతుంది, అంతే. ఈ మనిషీ ఈ అరవై ఎనిమిది మందీ మళ్లీ అదే దారిలో, నాకంటే పచ్చి కెప్టెన్‌తో వెళ్తారు. వద్దని చెప్పే అధికారం నాకు లేదు. మాష్టారుకి ఒక్కరికే ఉంది. ఆయనేమో పై అధికారి ముందు కూర్చోవడానికి కూడా ఇబ్బంది పడే మనిషి.

మాష్టారు బెల్టు విప్పుకున్నారు. నా చేతిలోని ఫోన్ అందుకుని, మాట్లాడటానికి లేచి నిలబడబోయి తల పైకప్పుకి తగిలించుకున్నారు. ఒక చేత్తో నెత్తి పట్టుకునే మొదలెట్టారు.

"అయ్యా, నేను కోపైలట్‌నండీ. మూడు వారాలైందండీ చేరి." "నేను రానండీ. ఆయనతోనూ రాను. నాతో వెళ్తే ఈ జనానికి ఏమైనా అవుతుందని నాకు భయంగా ఉంది. ఇలాగే రాసుకోండి."

అవతల బాబాయ్ ఏదో అంటుండగా ఆయనే ఫోన్ ఆపేశారు. ఆపి, ఫోన్ నా చేతిలో పెట్టి, కుర్చీలో కూలబడి, "ఆపేశానేంటండీ!" అన్నారు.

క్యాబిన్ అమ్మాయి తలుపు తోసి లోపలికి తొంగి చూసింది. "మేడమ్, అందరూ గొడవ చేస్తున్నారు. విమానం పాడైందని చెప్పేయనా?"

"వద్దు. నేనే చెబుతా."

మైకు ముట్టుకోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను. అన్ని మొహాలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి.

"విమానం బాగానే ఉంది" అన్నాను. "అక్కడ వాతావరణం కూడా బాగైంది. మేమిద్దరమే బాగాలేం. ఇందాక కింద ఇళ్ల మీదికి వెళ్లిపోయాం. అది నా తప్పు. ఇవాళ మళ్లీ మిమ్మల్ని తీసుకెళ్లడానికి మాకు భయంగా ఉంది."

అప్పటిదాకా అరుస్తున్నాయన సీట్లో కూర్చున్నాడు. పసిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ ఎవరినీ ఏమీ అడగకుండా లేచి, దిగడానికి పైనున్న తన సంచి అందుకుంది.